గాలిపటమునకు పగ్గములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సంక్రాంతి దినములలో మన కుర్రవాండ్రు మేడలమీదను, కోతలైన చేలలోను గాలిపటముల నెగురవేయుట సభవారందరును ఎరిగినదే. ఆ పటమునకు దారము ఒక్కటే. దారము వదులైనప్పుడు పటము గిరగిర తిరుగును. దాని ముక్కు కోరిన దిక్కునకు వచ్చిన క్షణమున లాగినచో ఆ దిక్కునకే పరుగెత్తును. నేర్పరియైనవాడు ఈ ఒక్క కిటుకుతోనే ఎదుటివాని దారమును తెగగోసి వీధియంతయు కేకలు వేయించును. కాని ఆ ముక్కు ఎప్పుడు ఎటు తిరుగునో నిర్ణయించునది గాలి. మనుష్యుడు సమయమునకై కాచుకొనియుండును, అంతే. ఒక్క పగ్గముతో గిత్తను తోలువాని యవస్థ ఎట్టిదో మన బండివాండ్ర నడిగినచో చెప్పగలరు. గాలిపటమునకు రెండవ పగ్గమును, ఆపైని మరి రెండింటిని కట్టి, గాలిని తమ చెప్పుచేతలలోనికి తెచ్చుకొన జూచినవారి కథయే నేటి ప్రసంగమునకు విషయము.

ఇది పిల్లలాట గదా, గ్రంథాలయ సభలో దీని ప్రసక్తి యేల యని పెద్దలు కొందరు శంకింపవచ్చును. ఈ శంక మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో రైటు సోదరులు బాల్యమున గాలిపటములందు మిక్కిలి ప్రీతి గలవారై యుండియు, వయస్సు వచ్చుసరికి ఆ యాట తమకు తగదని మానుకొన్నట్లు తరువాత తామే వ్రాసికొనిరి. ఆ యిరువురిలో పెద్దవాడగు విల్బర్ రైటు 1899 వ సంవత్సరము వేసవిలో, ముప్పదిరెండేండ్ల వయస్సున, డేటన్ పట్టణమున మరల గాలిపటమును చేత బట్టెను. ఆతడు సైకిళ్ళ వర్తకుడు, బ్రహ్మచారి. నలుగురు నవ్వుదురను శంక ఆతనికి కలిగినదో లేదో కాని, పట్టుదల మాత్రము కలిగినది.

ఆ పట్టుదలకు కారణము ఒక మరణము. జర్మనీ దేశమున ఒట్టో లిలియన్‌థాల్ అను మహాసాహసి రెక్కలు కట్టుకొని కొండలపైనుండి వేలమారులు గాలిలో జారి, 1896 ఆగష్టు 9 వ తేదీన పడిపోయి మరునాడు మరణించెను. ఆతని రెక్కలు ఆతనిని మోయజాలకపోలేదు. అవి మోయుచునే యుండెను. కాని వానిని ఇటునటు త్రిప్పుటకు కాళ్ళు ఊపి దేహపు బరువును జరుపుట తప్ప ఆతనికి వేరు సాధనము లేదు. ఎగురుటకన్న ఎగిరినదానిని అదుపులో నుంచుట కష్టమని విల్బర్ గ్రహించెను. ఒకనాడు అంగడిలో ఎవరితోనో మాటలాడుచు, సైకిలు ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతులతో మెలిపెట్టుచుండగా, రెక్కలనుగూడ ఇట్లే మెలిపెట్టవచ్చునని తోచెను. వెంటనే అయిదడుగుల వెడల్పున రెండంతస్తుల గాలిపటము నొకదానిని చేసి, దానికి నాలుగు దారములు కట్టి, ఒక్కొక్క చేతిలో ఒక్కొక్క కఱ్ఱ పట్టుకొని, కఱ్ఱ రెండు కొసలకు రెండేసి దారములు బిగించెను. కఱ్ఱలను ఎదురెదురుగా వంచినచో రెక్కలు మెలిపడి పటము ప్రక్కకు ఒరగును. చూడ వచ్చిన పిల్లలపైకి అది ఒకసారి రివ్వున దిగిరాగా వారు నేలపై బోర్లపడిరట! ఆ సమయమున తమ్ముడు ఓర్విల్ ఊరి వెలుపల విడిదిలో నుండెను. పటము మాట విన్నదని చెప్పుటకు అన్న అచ్చటికే పోయెను. నాలుగేండ్లకు, 1903 డిసెంబరు 17 వ తేదీన, పండ్రెండు క్షణములపాటు 120 అడుగులు ఎగిరిన యంత్రమునకు బీజము ఈ నాలుగు దారములలోనే యున్నది.

ఇంతకన్న ముందే నాలుగు దారములు పట్టినవాడొకడు కలడు. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరమున జార్జి పోకాక్ అను బడిపంతులు గుఱ్ఱములు లేని బండిని గాలిపటములచేత లాగించి, 1826 లో దానికి హక్కు పత్రము పొందెను. ఆ పటములను నాలుగు దారములతో త్రిప్పెడివాడు. గంటకు ఇరువదిమైళ్ళ వేగమున బాటపై పోవుచున్న ఆ బండికి సుంకము వసూలు చేయుటకు వీలులేకపోయెను. ఏలయన ఆనాటి బాటసుంకము గుఱ్ఱముల లెక్కను బట్టి విధింపబడెడిది. ఈ బండికి గుఱ్ఱమే లేదాయె. చట్టము వ్రాసినవాని బుద్ధికి అందని సంగతి ఒక పంతులు బుద్ధికి అందినప్పుడు లెక్కలు వ్రాయువారు కలము పట్టుకొని ఊరకుండవలసినదే. అంతకు రెండేండ్లముందు, 1824 లో, ఆయన తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి, ముప్పదియడుగుల గాలిపటమునకు కట్టి, 270 అడుగుల యెత్తునకు లేపెనని చెప్పుదురు. ఆ తండ్రి గుండె ఏమి గుండెయో! ఆ బాలిక సురక్షితముగా దిగి, పెరిగి పెద్దదై, క్రికెట్టు క్రీడలో జగద్విఖ్యాతుడైన డబ్ల్యు. జి. గ్రేస్‌కు తల్లి యయ్యెను. బండి మాత్రము జనసామాన్యమున వ్యాపింపలేదు. గాలి ఎప్పుడు వీచునో, ఎటు వీచునో ఎవరు చెప్పగలరు? కొలది యేండ్లకే రైలుబండ్లు వచ్చి బాటల మర్యాదయే మారిపోయెను.

రెండు దారముల పటమునకు ప్రపంచయుద్ధకాలమున వచ్చిన పని వేరు. వాషింగ్టన్ నగరమందలి స్మిత్సోనియన్ వస్తుప్రదర్శనశాలలో విమానముల విభాగమును పెంచిన పాల్ గార్బర్ రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా నౌకాదళమున చేరెను. ఓడపై ఫిరంగులు పేల్చు కుర్రవాండ్రకు, శత్రువిమానము ఇటునటు పొరలుచు వచ్చునప్పుడు గురిచూచుట అలవాటు కావలెను. నిలకడగా నుండు గురిపై ఎంత పేల్చినను ఆ విద్య పట్టుబడదు. గార్బర్ అయిదడుగుల పొడవుగల పటమునకు వెనుక చుక్కాని అమర్చి, రెండు దారములతో ఆడునట్లు చేసి, గుడ్డపై జపాను యుద్ధవిమానపు ఆకారమును చిత్రింపజేసెను. అది చక్రములు తిరుగును, తలక్రిందుగా దిగును, ఎనిమిది అంకెను వ్రాయును. దానిని కొట్టుట కష్టము. ఆ కష్టమే ఆ కుర్రవాండ్ర ప్రాణములకు రక్ష. 1945 లో దానికి హక్కు పత్రము లభించెను. యుద్ధము ముగిసినపిమ్మట మిగిలిన పటములు పిల్లల చేతులకు చేరెను. ఈ గార్బర్ బాలుడై యున్నప్పుడు వీధిలో పటము నెగురవేయుచుండగా, టెలిఫోనును కనిపెట్టిన గ్రాహం బెల్ అటు వచ్చి, పటమునకు సూత్రము సరిగా కట్టలేదని చూపి సవరించెనని ఒక కథ కలదు. బెల్ మహాశయుడు తానును గాలిపటముల పిచ్చివాడే కనుక ఈ కథ నమ్మదగినట్లే యున్నది.

యుద్ధపు వాసన లేని రెండు దారముల పటమును ఇంటింటికి చేర్చినవాడు ఇంగ్లండులో చెల్టన్‌హాం వాసి పీటర్ పవెల్. 1972 లో ఆయన చేసిన పటము పాలిథీను రేకుతో చేసినది. దాని తోక పొడవైన గొట్టము. గాలి లోపలికి దూరి తోక పాము వలె ఉబ్బి, పటము తిరిగిన త్రోవనంతయు ఆకాశమున గీసి చూపును. 1976 లో బ్రిటనులో అది ఆ యేటి మేటి ఆటవస్తువుగా ఎన్నుకొనబడెను.

ఈ పటము నడచు విధమును కొంచెము చెప్పవలెను. గాలికి వీపునిచ్చి నిలిచినవాని యెదుట పటము తిరుగదగిన మేర, బంతిని నాలుగు చెక్కలు చేసిన అందొక చెక్క వంటిది. నట్టనడుమ గాలి బలము మెండు. అచ్చట చేతులు లాగివేయును. అంచులకు పోయినకొలది బలము తగ్గి పటము మెత్తబడును. పొలమునకు సరిహద్దురాళ్ళవలె ఈ మేరకును హద్దులు కలవు. హద్దు దాటి పోవ యత్నించిన పటము సోలి నేలపడును. ఎడమ దారము లాగినచో పటము ఎడమకు, కుడి లాగినచో కుడికి తిరుగును, ఇంతవరకు ఎద్దుబండియే. చిక్కు వచ్చునది పటము తలక్రిందైనప్పుడు. అప్పుడు ఎడమ లాగినచో అది చూచువాని కుడిప్రక్కకు పోవును. పటము నెడమ పటమునకు ఎడమయే గాని మనకు ఎడమ కాదు. క్రొత్తవాడు కంగారుపడి రెండవ దారమును లాగును, పటము నేలకు గ్రుద్దుకొనును. కన్నులకు తోచినదానిని చేతులు నమ్మరాదని తెలిసికొనుటకు కొన్ని మధ్యాహ్నములు పట్టును, కొన్ని పుల్లలు విరుగును. కఠోపనిషత్తులో మనస్సును కళ్ళెముగను, బుద్ధిని సారథిగను చెప్పిన సంగతి పెద్దలకు తెలియనిది కాదు. ఇచ్చట సారథికి కళ్ళెముపై కొలది నాళ్ళు అనుమానమే.

చక్రము తిరిగినప్పుడెల్ల దారములు రెండును ఒకదానిచుట్టు ఒకటి పెనవేసికొనును. అయినను నునుపైన దారములైనచో ఒకదానిపై ఒకటి జారుచు చేతి ఆజ్ఞను చేరవేయుచునే యుండును. మరల ఎదురుగా తిప్పినచో పెనలు వీడును. గరుకుదారము పట్టుకొనిపోవును, సాగెడి నైలానుదారము చేతి మాటను ఆలసించి చెప్పును. నేడు సాగని, జారుడుగుణముగల సన్నని పాలిథిలీను పేటదారములు వచ్చినవి.

అసలు రసము ఎగురవేయుటలో ఎంతయో మరమ్మతులోను అంతయే కలదు. పటము ముందువైపున కట్టు సూత్రమే దానికి జాతకము. దారము తగిలించు ముడిని ముక్కువైపునకు అంగుళములో ఎనిమిదవపాలు జరిపినచో పటము గాలిలోనికి చొచ్చుకొని చురుకుగా పరుగెత్తును. తోకవైపునకు జరిపినచో ఎక్కువ గాలిని పట్టి, ఉన్నచోటనే గిరుక్కున తిరుగును. కాని గాలి పలుచనైన దినమున లేవనొల్లక కూలబడును. అంతటి స్వల్పభేదమునకు ఇంతటి గుణభేదము! అందుచేత ఈ ఆటగాండ్ర జేబులలో కొలబద్దయు, గుర్తుపెట్టు పెన్సిలును ఉండును. ఒక్క దినమున ఒక్క మార్పే చేసి, ఏ గాలికి ఏ ముడి యని చీటీపై వ్రాసికొనువాడు త్వరలో నేర్చును. నాలుగు మార్పులు ఒక్కమారు చేసి ఏది పనిచేసినదో తెలియక తికమకపడువాడు మూడేండ్లైనను అక్కడనే యుండును. దారములు రెండును సరిసమానముగా నుండవలెను. నూరడుగుల దారములలో ఒకటి రెండంగుళములు కురుచయైనను పటము ఎల్లవేళల ఆ ప్రక్కకే లాగుచుండును. అది శల్యసారథ్యము.

రెండు దారములకు సాధ్యముకానిది ఒకటి కలదు: వెనుకకు నడచుట. కాలిఫోర్నియాలో శాన్‌డియాగో నగరవాసులగు హాడ్జికీ సోదరులు ముగ్గురు 1988 ప్రాంతమున నాలుగు దారముల పటము నొకదానిని రూపొందించిరి. అది రెక్కలు చాచిన సీతాకోకచిలుక వలె నుండును, తోక లేదు. ఒక్కొక్క చేతి పిడికి పైన ఒక దారము, క్రింద ఒక దారము. మణికట్టును వంచి క్రింది దారములను బిగించినకొలది పటము నెమ్మదించి, నిలిచి, ఆపై వెనుకకు నడచును. ఒక పిడిని ఇటు, రెండవదానిని అటు వంచినచో తన నడుమునే ఇరుసుగా చేసికొని గిరగిర తిరుగును. పరుగెత్తించుట పదిదినములలో వచ్చును. వీచుచున్న గాలిలో, నేలకు జానెడెత్తున, ముక్కు క్రిందికి చేసి, కదలక మెదలక పటమును నిలిపియుంచుట ఏండ్ల పని. చూచువారు వేగమునకు చప్పట్లు కొట్టుదురు. తెలిసినవారు ఆ నిలుకడను చూచి ఊపిరి బిగబట్టుదురు.

కెనడాలో వాంకూవర్ నగరపు వనీర్ ఉద్యానమున రే బెతెల్ అను వృద్ధుడు చేతికొక పటము, నడుమునకు కట్టుకొని మరియొక పటము, మొత్తము మూడింటిని ఒక్కమారే సంగీతమునకు లయగా నాట్యమాడించెడివాడు. మూడు పటములు ఒకదానినొకటి ఒరయక, చిక్కుపడక, వరుస తప్పక తిరుగుచుండెడివి. ఆయనకు చెవులు వినబడవు. 2018 లో కాలధర్మము నొందువరకు ఆయన పేరు ఈ క్రీడ ఎరిగినవారందరి నోట నుండెను.

మన ప్రాంతమున ఈ పటములకు తగిన తావు సముద్రతీరము. చెట్లును ఇండ్లును అడ్డు తగిలి వచ్చు గాలి సుడులు తిరుగును. మధ్యాహ్నవేళ సముద్రముపైనుండి వచ్చు గాలి సమముగా వీచును. పొలములలోనైనచో గాలి వచ్చు దిక్కున తోపులు లేని పెద్ద మడికట్టును ఎన్నుకొనవలెను. విద్యుత్తు తీగలు కనుచూపుమేరలో ఉన్నచో ఆ తావును విడిచిపెట్టవలెను. ఈ ఆటకు మాంజాతో పనిలేదు. గాజుపొడి పట్టించిన దారమును, నైలాను మాంజాను 2017 లో జాతీయ హరిత న్యాయస్థానము నిషేధించినది. అయినను బిగువున నున్న సన్నని దారము మాంజా కాకున్నను మెడను కోయగలదు. పటము క్రింద మనుష్యులు గాని పశువులు గాని తిరుగరాదు. వెదురుబద్దలు, చిరుగు వ్యాపింపని నైలానుగుడ్డ లేదా మందపు పాలిథీను రేకు, సాగని దారము ఉన్నచో పదునాలుగేండ్ల కుర్రవాడు ఒక ఆదివారమున చిన్న పటమును సిద్ధము చేసికొనగలడు. ఎగురవేయుటకు ఒక్కడు చాలును. దారములు కొలుచుటకు మాత్రము ఇద్దరు కావలెను: మేకు వద్ద కొసలు కదలకుండ పట్టుటకు ఒకడు, నూరడుగుల దూరమున రెండు కొసలను సమముగా లాగి ముడివేయుటకు మరియొకడు.