మోటార్ సైకిల్‌లో పెట్రోలు వాసన: కారణం కనుక్కోవడం ఎలా?

ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి టాటానగర్ వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, దొంగల భయంతో బండిని వరండాలోకి ఎక్కించి తలుపు వేసుకోవడం అక్కడైనా, మన ఊళ్ళలోనైనా మామూలే. తెల్లవారేసరికి ఇంట్లో పెట్రోలు వాసన నిండితే ఏం చేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ప్రమాదం సంగతి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేలమీద పరుచుకుని వంటగది దాకా పాకుతుంది. గాలిలో సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలి అంటుకుంటుంది. కాబట్టి స్టవ్ వెలిగించకండి. లైటు స్విచ్చులు ముట్టుకోకండి. తలుపులు తెరిచి, స్టార్టు చేయకుండా బండిని బయటికి తోయండి.

సన్నగా కారే పెట్రోలు నేలమీద పడేలోగానే ఆరిపోతుంది. అందుకే చుక్క కనపడదు, వాసన మాత్రం వదలదు. వెతకడానికి ఒక క్రమం ఉండాలి.

కార్బురేటర్ ఉన్న బండిలో పెట్రోలు ట్యాంకు నుంచి కాక్, పైపు, కార్బురేటర్ మీదుగా దిగుతుంది. రాత్రి కాక్ ఆఫ్ చేసి, బండిని ఆరుబయట ఉంచండి. పొద్దునకు వాసన పోతే లోపం కాక్‌కు దిగువన ఉంది. పోకపోతే ట్యాంకు, దాని మూత, కాక్ వాషర్ చూడాలి.

దిగువన అయితే, కాక్ ఆన్ చేసి, ఇంజను ఆపే ఉంచి, కార్బురేటర్ ఓవర్‌ఫ్లో ట్యూబును గమనించండి. అక్కడ తడి కనిపిస్తే నీడిల్ వాల్వ్ అరిగింది, లేదా అందులో నలుసు పడింది. ఒక్కొక్కసారి ఆ పెట్రోలు ఇంజనులోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఆయిల్ మట్టం పెరిగినా, అందులో పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మార్చేదాకా బండి నడపకండి. ట్యూబు పొడిగా ఉంటే పైపు చివరలను వంచి చూడండి. పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత బండ్ల రబ్బరును త్వరగా పాడుచేయగలదు. అలాంటి పైపును మార్చవలసిందే.

పెట్రోలు పోయించిన రోజే వాసన వస్తోందా? వేడి 10 డిగ్రీలు పెరిగితే పెట్రోలు దాదాపు 1 శాతం ఉబ్బుతుంది. మూతిదాకా నింపి ఎండలో నిలిపితే పొంగుతుంది. కాస్త ఖాళీ ఉంచండి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో చాలావరకు కార్బురేటర్ ఉండదు. పంపు ఒత్తిడితో పెట్రోలు పంపుతుంది. ఆ పైపులు మీరు విప్పకండి, మెకానిక్‌కు చూపించండి.

ట్యాంకు చిల్లుకు సబ్బు అద్దడం మెకానిక్ దగ్గరకు చేరేవరకే. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలగలదు. శుభ్రం చేయకుండా వెల్డింగుకు ఇవ్వకండి.

వెతికేటప్పుడు టార్చిని దూరంగానే వెలిగించి దగ్గరకు తీసుకురండి. అగ్గిపుల్ల మాత్రం వద్దు. లోపం సరిచేశాక రెండు రాత్రులు ఆరుబయట ఉంచి, వాసన పూర్తిగా పోయిందని చూసుకున్నాకే బండిని వరండాలోకి ఎక్కించండి.