పాత కారు – పరిమిత వ్యయము

1980లలో అల్విన్ నిస్సాన్ లారీలు తయారైన జహీరాబాదులో, ముంబాయి రహదారిపై తిరుగు మాకు పాత బండ్లు పరిచితములే. లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారుకు ఏ ఖర్చు ముందు, ఏది వెనుక?

మొదటిది బ్రేకులు, టైర్లు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. మితిమీరి వేడెక్కినచో ఆ తేమ ఆవిరియగును. ముందరి లారీ ఆగినపుడు పెడలు తొక్కినను బ్రేకు పడదు. అందుచే మేము రెండేండ్లకొకసారి మార్చెదము.

పిదప ఇంజను ఆయిలు, రేడియేటరు గొట్టములు, టైమింగు బెల్టు. చవకైన గొట్టము పగిలినచో ఖరీదైన ఇంజనే చెడవచ్చును. రంగు, మెరుగులు చివరివి. పదునైదేండ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ తనిఖీ ఎట్లును తప్పదు.

మార్చిన భాగము, తేదీ, కిలోమీటర్లు పుస్తకమున వ్రాసికొందుము. అందుచే మార్చిన దానినే మరల మార్చు దండుగ మాకు తప్పినది.