గాలికి ఎండు రాతి గాదె



పంట పండించుట ఎంత కష్టమో, దానిని చెడకుండ కాపాడుకొనుటయు అంత కష్టమే. తెలుగునాట రైతు ధాన్యమును కళ్లములో నూర్చి, ఎండకు ఆరబోసి గాదె కెత్తును. ఎండ కరవైన సీమలో రైతు ఏమి చేయవలెను? స్పెయిను దేశపు వాయవ్యమూలనున్న గలీసియా రైతులు ఈ ప్రశ్నకు రాతితో సమాధానము చెప్పిరి.

అట్లాంటిక్ సముద్రతీరమున నున్న ఆ సీమలో శరత్కాలమున వానలు మెండు. అమెరికా ఖండమునుండి వచ్చిన మొక్కజొన్న 17వ శతాబ్దమునుండి అచ్చట వ్యాపించి పేదల ఆహారమయ్యెను. అది కోతకు వచ్చునదియు ఆ వానల వేళనే. తడి కండెలను కుప్పవేసినచో బూజు పట్టును. నేలపై నుంచినచో ఎలుకల పాలగును. అందుచే రైతులు 'ఒర్రెయో' అను కట్టడము నాశ్రయించిరి. ధాన్యాగారమను అర్థముగల లాటిను పదమునుండి ఈ పేరు పుట్టినది.

దీనిలో ప్రతి రాతికిని ఒక పని కలదు. గది నేలను తాకదు. రాతి స్తంభములపై నిలుచును. ప్రతి స్తంభము తలపైన వెడల్పైన పలక యుండును. స్తంభమెక్కిన ఎలుక ఆ పలక అడుగున తలక్రిందులుగా ప్రాకలేక మరలిపోవును. మెట్లు సైతము గడపకు ఆనవు. నడుమ ఎడము విడిచెదరు. మనిషి దానిని దాటగలడు, ఎలుక దాటలేదు. గది పొడవుగాను, మిక్కిలి ఇరుకుగాను ఉండును. గోడల సందులగుండ గాలి ప్రవేశించి, కండెల నడుమ సాగి, ఆవలి ప్రక్కకు పోవును. గది వెడల్పైనచో నడిమి కండెలకు గాలి తగులదు. ఇచ్చట నిప్పుతో పనిలేదు. గాలియే తేమను తీసికొనిపోవును.

కార్నోటా గ్రామములోని ఒర్రెయో 1768లో నిర్మింపబడి, 1783లో పొడిగింపబడినది. పొడవు సుమారు 35 మీటర్లు. వెడల్పు 2 మీటర్లకు లోపే. స్తంభములు 22 జతలు. చూపరులు దానిని ఆ ఊరి రైతుల సిరికి గుర్తని తలంపవచ్చును. కాని అది చర్చికి చెల్లవలసిన దశమభాగమును నిలువచేసిన గాదె. పదింట ఒక పాలు అందు చేరగా, మిగిలినదానితో రైతు కుటుంబము ఏడాది గడుపవలెను. ఆ మిగిలినది ఇంటి ప్రక్కనున్న చిన్న ఒర్రెయోలో ఎండెడిది. రెండింటిని కట్టిన నేర్పు ఒక్కటే; తిన్న నోళ్లు వేరు. 19వ శతాబ్దమున దశమభాగము రద్దయినది, గాదె నిలిచినది.

గలీసియాలో నూరేండ్లు దాటిన ఒర్రెయోలకు స్పెయిను ప్రభుత్వము 1973లో చట్టరక్షణ కల్పించెను. రాజుల కోటలతోపాటు రైతు గాదెయు చరిత్రయే యని ఆ శాసనము ఒప్పుకొన్నది. సెలవులకు స్వగ్రామమునకు పోవువారు ఇంటి పాత గాదెను, పాతరను ఎవరు, ఎట్లు కట్టిరో పెద్దల నడిగి తెలిసికొని పిల్లలకు చెప్పుట మంచిది. చెప్పువారున్నంతవరకే ఆ నేర్పు నిలుచును.