చీకటి కథలు – చీకటి నిజములు



ఇటీవల నేను చదివిన గ్రంథములలో రెండు నాకు నిద్ర రానీయలేదు. ఒకటి కల్పితము, రెండవది యథార్థము. వానిని నా చేత జూచి మా యింటివారు, "దీపము పెట్టిన వేళ ఈ అమంగళపు చదువెందులకు?" అని కోపించిరి. ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. నేడు మీ యెదుట చెప్ప యత్నించెదను.

మొదటిది అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో 1843లో ప్రకటించిన చిన్నకథ. 'గుట్టు చెప్పిన గుండె' యని దాని పేరును తెలిగింపవచ్చును. ఒకడు తనతో నివసించు వృద్ధుని చంపును. వృద్ధుడు వాని కే యపకారమును చేయలేదు. పొర గ్రమ్మిన యొక కన్ను మాత్రము వానికి దుర్భరమాయెను. కళేబరమును నేలపలకల క్రింద దాచెను. రక్షకభటులు వచ్చిరి, వారికేమియు కానరాలేదు. కాని హంతకుని చెవికి పలకల క్రిందనుండి గుండె చప్పుడు వినవచ్చెను. అది యంతకంతకు హెచ్చగా, తాళలేక తానే నేరము నొప్పుకొనెను. కొలది పుటల కథ. అందొక్క మాటయు నధికము కాదు. ఒక్కటే నాకు కొరతగా దోచినది: ఆ వృద్ధునికి పేరైనను లేదు.

రెండవది ఇటలీ దేశస్థుడగు ప్రీమో లేవి స్వానుభవము. ట్యూరిన్ నగరమున రసాయనశాస్త్రము చదివిన యీ యూదు యువకుడు 1943 డిసెంబరులో పట్టుబడి, 1944 ఫిబ్రవరిలో ఔష్విట్జ్ నిర్బంధ శిబిరమునకు చేర్పబడెను. అతనితో రైలులో వెళ్లినవారు 650 మంది. వారిలో 500 మందికి పైగా రెండు దినములలోనే హతులైరి. మిగిలినవారి చేతులపై పేర్లకు బదులు అంకెలు పొడిచిరి. లేవి సంఖ్య 174517. ప్రసిద్ధ ప్రచురణాలయమొకటి నిరాకరింపగా, 1947లో ఒక చిన్న సంస్థ దీనిని 2,500 ప్రతులు ముద్రించినది. లేవి రోదింపడు, శపింపడు. ప్రయోగశాలలో త్రాసు పట్టినవానివలె ప్రతి విషయమును తూచి చెప్పును.

ఒక ఘట్టము వినుడు. పెత్తనము చేయు అలెక్స్ అనువాని చేతికి జిడ్డు అంటినది. వాడా చేతిని లేవి భుజమునకు తుడుచుకొని సాగిపోయెను. ద్వేషము లేదు, పరిహాసమును లేదు, గుడ్డపీలికకు తుడుచుకొన్నట్లే! ఇచ్చటనే నాకీ రెండు గ్రంథములకు గల భేదము గోచరించినది. పో కథలోని హంతకునికి చచ్చినవాని గుండె వినబడెను. అలెక్సునకు తన చేతి క్రింద బ్రతికియున్న మనుష్యుని గుండెయు వినబడలేదు. ఏది యెక్కువ చీకటియో మీరే చెప్పుడు.

అయినను ఆ గ్రంథమున ఒక దీపము గలదు. లోరెంజో యను ఇటలీ తాపీపనివాడు ఆరు నెలలు ప్రతిదినము తన తిండిలో కొంత రహస్యముగా లేవికి తెచ్చియిచ్చెను, ప్రతిఫలము కోరలేదు. తానును మనుష్యుడనేయని మరువకుండుట అతని వలననేయని లేవి తలచెను.

మా యింటివారికి నా సమాధాన మిదియే. భయపడుటకు గాదు, చెవి మొద్దుబారకుండుటకై యిట్టి గ్రంథములు చదువవలెను. ప్రక్కవాని గుండె చప్పుడు మనకు వినబడుచున్నదా యని యప్పుడప్పుడు పరీక్షించుకొనుట మంచిది గదా!

సెలవు.