ముందు బరువు దించండి

ఈ ఉదయం మిమ్మల్ని ఒక మెకానిక్ షెడ్డులోకి తీసుకువెళ్లాలని ఆశపడుతున్నాను.

కాలువ పూడిక తీయాలన్నా, ఇంటికి పునాది తవ్వాలన్నా మన ఊళ్లకు వచ్చే యంత్రం మీరెరుగుదురు. ముందు లోడరు బకెట్టు, వెనుక తవ్వే చెయ్యి. ఏ కంపెనీ బండి అయినా మనం జేసీబీ అనే అంటాం. ఇంగ్లాండులో 1945లో ఆ పేరుగల సంస్థను స్థాపించిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలవి. 1979లో ఆ సంస్థ మన దేశంలోనూ అడుగుపెట్టింది.

మా సంఘపెద్ద ఒకాయన మెకానిక్. అలాంటి పాత బండి ఒకటి బాగుచేయడానికి ఆయన షెడ్డుకు వచ్చింది. "తుప్పు గీకి పసుపు రంగు వేస్తే కొత్తదైపోతుంది గదా?" అన్నాను. ఆయన నవ్వాడు. "అయ్యగారూ, రంగు వేయడం రెండు రోజుల పనండీ. రంగు కింద పగులుంటే పనిలో విరుగుతుంది. అప్పుడు కింద మనిషి ఉంటాడు" అన్నాడు.

ఇంతలో పని నేర్చుకొనే అబ్బాయి స్పానరు పట్టుకొని ఒక హైడ్రాలిక్ పైపు విప్పబోయాడు. ఇంజను ఆపారు గాని లోడరు చేతులు ఇంకా పైకే ఉన్నాయి. "ఆగరా!" అని పెద్దాయన కేక వేశాడు. "ఇంజను ఆగింది, నూనెలో ఒత్తిడి ఆగలేదు!"

ఆ పైపు ఊడితే అంత బరువూ ఒక్కసారిగా కూలుతుంది. సూదిమొనంత రంధ్రంలోనుండి చిమ్మిన నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకే నూనె కారే చోటును చేత్తో తడమరు, అట్టముక్క పెట్టి చూస్తారు.

ఆయన ముందు చేతులను, వెనుక చేతిని నేలకు దించాడు. ఇంజను ఆపి లీవర్లను అటూ ఇటూ కదిపి, మిగిలిన ఒత్తిడిని వదిలించాడు. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, బ్యాటరీ వైరు తీశాడు. ఆ తరువాతే స్పానరు పట్టాడు. విప్పే ముందు ప్రతి చోటా ఫొటో తీశాడు. ప్రతి పైపుకూ చీటీ కట్టి, దుమ్ము పోకుండా మూతి మూశాడు. గ్రీజు ఎండి బిగుసుకున్న పిన్నును సుత్తితో బాదలేదు. నూనె పోసి, ఒక రాత్రి ఆగి, వేడిచేసి మెల్లగా కొట్టాడు. చివరకు వెనుక చేతిని డీజిలుతో కడిగి గీకితే, వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులు కనబడింది.

ప్రియులారా, ఆ పగులు చూచి నేను తల దించుకున్నాను. అంతకు ముందు క్రిస్మస్‌కు, పొలం గట్టు దగ్గర తగవుపడిన ఇద్దరు అన్నదమ్ములను గుడిలో నిలబెట్టి, ఒక్క గంటలో చేతులు కలిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఈస్టరు రాకముందే వాళ్లు పోలీసు స్టేషనులో ఉన్నారు. నేను ఇంజను ఆపాను గాని ఒత్తిడి దించలేదు. పగులు మీద రంగు వేశాను.

షెడ్డునుండి తిన్నగా వాళ్ల ఇళ్లకు వెళ్లాను. ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా, వారాల తరబడి కూర్చుని విన్నాను. అసలు గొడవ గట్టు కాదు. తొమ్మిదేళ్ల క్రితం, తల్లిని సమాధి చేసిన రోజున తమ్ముడు అన్న మాట! నెహెమ్యా కూడా యెరూషలేము గోడ కట్టకముందు రాత్రివేళ తిరిగి, కూలిన చోట్లను చూచాడు గదా.

ఆ అన్నదమ్ములు ఇంకా కలిసి భోంచేయలేదు. కేసు మాత్రం వెనక్కి తీసుకున్నారు. విడిభాగాలు ఇంకా నేలమీదే ఉన్నాయి. అయినా ఏది ఎక్కడిదో ఇప్పుడు తెలుసు.

మీ ఇంట్లో మాటలు ఆగిపోయినంత మాత్రాన కోపం పోయిందనుకోకండి. ముందు మీ స్వరం దించండి, మీరెత్తి పట్టుకున్న నెపాన్ని దించండి. తరువాత నెమ్మదిగా విప్పండి. తొందరపడి రంగు వేయకండి. సమాధానకర్తయగు దేవుడు మీకు ఆ ఓర్పు దయచేయును గాక. ఆమేన్.