రికార్డులో లేని మన కథ



నవల రాయడంలో ఉన్న కష్టం, సంతోషం గురించి మాట్లాడమన్నారు. మన ఎరుకల పిల్లలకు ఆ సంగతి ఎందుకు కావాలో ముందు చెబుతాం.

మన తాతముత్తాతల గురించి కాగితం మీద ఉన్నదేమిటి? ఎక్కువగా పోలీసు రికార్డులే. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేశారు. మన గోదావరి ప్రాంతం అప్పుడు అందులోదే. పుట్టుకతోనే నేరస్థులన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. 1952లో చట్టం పోయింది, ముద్ర మాత్రం పోలేదు. ఆ రికార్డుల్లో వెదురు బద్ద చీల్చే చేతి నేర్పు లేదు. సోది చెప్పే అవ్వ గొంతు లేదు. మనం రాయకపోతే రేపటి పిల్లలకు ఆ రికార్డే చరిత్ర అవుతుంది.

ఆ 1911లోనే మన మామిడికుదురులో ఒక కూలి కుటుంబంలో బోయి భీమన్న పుట్టారు. పాలేరు చదువుకుని ఎదిగే కథను 'పాలేరు' నాటకంగా రాశారు. ఆయన రాసింది నాటకమే అయినా, దారి మనకూ అదే.

ఇక కష్టాలు. మన కుర్రు భాషకు లిపి లేదు. ఇంట్లో కుర్రు మాట్లాడే అమ్మ అమలాపురం బజారులో చేటలు, గంపలు తెలుగులో అమ్ముతుంది. నవలలో ఆమె ఏ భాషలో మాట్లాడాలి? తెలుగు లిపిలోనే రాద్దాం, మన మాటలు మాత్రం వదలొద్దు. పక్క వాక్యం చూస్తే అర్థం తెలిసేలా రాస్తే చాలు. రెండో కష్టం ఓపిక. పగలు పని, రాత్రి రాత. ఏడాది గడిచినా సగమే అవుతుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది. మన పెద్దలందరినీ దేవుళ్లను చేస్తే అది నవల కాదు. తప్పుడు కేసునూ రాయాలి, ఆకలితో చేసిన తప్పునూ రాయాలి. ఇంటి గుట్టు రాసేముందు ఇంట్లోవాళ్లను అడగాలి.

సంతోషం? రాసింది చదివి వినిపిస్తే పెద్దమ్మ మధ్యలో ఆపి, "కాదర్రా, గంప అడుగు అలా మొదలుపెట్టరు" అంటుంది. ఆ దిద్దుబాటుకు మించిన బహుమతి లేదు. తన పని పుస్తకంలోకి ఎక్కాల్సినంత విలువైనదని ఆమెకు ఆ రోజే తెలుస్తుంది.

పలమనేరు బాలాజీ ఎరుకల జీవితాలపై రాసిన 'ఏకలవ్య కాలనీ' చదవండి. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల చదవండి. తర్వాత కొత్తపేటలోనో రాజోలులోనో మీ ఇంటి ముసలమ్మ పక్కన కూర్చుని, ఆమె మాటల్లోనే మూడు పేజీలు రాయండి. నవల అక్కడే మొదలవుతుంది.

జై ఏకలవ్య!