గాలికి తిరిగే బొమ్మ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు కూడలిలో సిమెంటు ఆర్చి కట్టాలని కమిటీ ఆలోచన. దాని బదులు గాలికి తిరిగే స్టీలు శిల్పం పెడదామని నా మనవి. ఉద్యోగమంతా గాలిమరల మధ్య గడిపినవాడు ఇంకేం చెబుతాడులే అనుకోకండి.

ఇలాంటి శిల్పాలకు పేరు తెచ్చిన అమెరికన్ అలెగ్జాండర్ కాల్డర్ మనలాగే మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. 1919లో పట్టా పుచ్చుకున్నాడు. 1955లో అహ్మదాబాదులో సారాభాయిల ఇంట ఉండి అక్కడే కొన్ని బొమ్మలు చేశాడు. ఆ తర్వాత జార్జ్ రికీ పొడవాటి స్టీలు రేకులను బరువు సరితూచి నిలబెట్టాడు. మోటారు లేదు, కరెంటు లేదు. మన తక్కెడ సూత్రమే.

కర్నూలు, కడపల్లో కొదవంతా వానకే, గాలికి కాదు. మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి, ఆషాఢంలో మనకు ఒట్టి గాలిని పంపుతాయి. కళ్లంలో చేట ఎత్తి ఆ గాలి కోసమే ఎదురుచూసిన పెద్దలు మనవాళ్లు. ఇప్పుడు కొండల మీద మరలున్నాయి గానీ, ఊళ్లో పిల్లలకు అవి అందనంత దూరం.

ఇక అసలు కష్టం. ఐ.ఎస్. 875 ప్రమాణం ప్రకారం కర్నూలులో ఏ కట్టడమైనా సెకనుకు 39 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలి. సాయంత్రపు పిల్లగాలి 3 మీటర్లనుకోండి. వేగం 13 రెట్లు. ఒత్తిడి దాని వర్గం, అంటే 169 రెట్లు! కొంగు కదిలే గాలికి తిరగాలి, హోర్డింగులు కూలే గాలికి నిలవాలి. అందుకే డబ్బు బొమ్మ మీద కాదు, పునాది మీద, ఇరుసు మీద పెట్టమంటాను. మన దుమ్ముకు మూసిన బేరింగులే వాడాలి. అద్దం లాంటి పాలిషు వద్దు, మధ్యాహ్నం ఎండ బండి నడిపేవాళ్ల కళ్లలో కొడుతుంది. పీఠానికి బేతంచెర్ల రాయి చాలు.

“దాతల పేర్లెక్కడ రాస్తారు?” అని నిన్న ఒక అన్న అడిగాడు. పీఠం మీద రాద్దామన్నా, నాలుగు వైపులా చోటుంది.

నీళ్లు లేక ఆగిన ఫౌంటెన్లను చాలా కూడళ్లలో చూశాం. దీనికా గతి పట్టకుండా ఏడాదికి రెండుసార్లు బేరింగులు, బోల్టులు చూసే పని మా బ్యాచ్ తీసుకుంటుంది. స్థలానికి మున్సిపల్ అనుమతి కావాలి. అర్జీ భోజనాల దగ్గర బల్ల మీద ఉంది. సమ్మతమైనవాళ్లు సంతకం పెట్టండి. కానివాళ్లు నన్ను అక్కడే నిలదీయండి.